అప్ నేపా! లాగోస్ అన్న నేర్పిన ట్రబుల్‌షూటింగ్

ఫ్రెండ్స్, ముందే చెప్తున్నా, నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. వత్తులు తప్పితే ఎడిటర్ అక్క సరిచేస్తుంది. ఈసారి నేను రాస్తున్నది కథ కాదు, కవిత కాదు, ఒక పాఠం. దీని వెనక ఒక నష్టం ఉంది కాబట్టి ముందు అదే చెప్తాను.

పోయిన సంవత్సరం మన క్లబ్ పాత సైట్‌ని కొత్త సర్వర్‌కి మార్చాం. మార్చాక తెరిచి చూస్తే చాలా కవితల చోట పిచ్చి గుర్తులు, రెండు కవితల చోట వరసగా ప్రశ్నార్థకాలు. నేను కంగారుపడి సెట్టింగ్స్ అన్నీ మార్చబోయాను. అప్పుడు నన్ను ఆపింది ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో పరిచయమైన నైజీరియా అతను. ఉండేది లాగోస్‌లో. కంప్యూటర్లు బాగుచేస్తాడు, యోరుబా భాషలో బ్లాగు రాస్తాడు. నాకన్నా పెద్దవాడు కాబట్టి లాగోస్ అన్న అని రాస్తాను.

"ఏమీ ముట్టుకోకు. తెర మీద ఏం కనిపిస్తోందో ముందు అది చెప్పు" అన్నాడు. ఈ పాఠం మొత్తం ఆ ఒక్క మాటే. మిగతాదంతా వివరణ.

1. అడుగు నుంచి పైకి

నైజీరియాలో కరెంటు పోవడం రోజూ ఉండేదే. వచ్చిందంటే వీధి వీధంతా "అప్ నేపా!" అని అరుస్తారట. నేపా అంటే ఒకప్పటి ప్రభుత్వ కరెంటు సంస్థ. 2005లో దాని పేరు మారింది, 2013లో పంపిణీ ప్రైవేటు కంపెనీలకి వెళ్లింది. అయినా జనం నోట్లో ఇంకా నేపానే. చిన్న పెట్రోల్ జనరేటర్‌కి అక్కడ "ఐ బెటర్ పాస్ మై నైబర్" అని ముద్దుపేరు. అంటే పక్కింటివాడికన్నా నేనే నయం అని!

అందుకే లాగోస్ అన్న ఏ కంప్యూటర్ చూసినా మొదట అడిగేది వైరస్ గురించి కాదు. "ఆగిపోయినప్పుడు కరెంటు పోయిందా?" అని అడుగుతాడు. లాగోస్‌లో ఇకేజా అనే చోట కంప్యూటర్ విలేజ్ అని పెద్ద మార్కెట్ ఉంది. ఫోన్లు, లాప్‌టాప్‌లు, విడిభాగాలు, రిపేర్లు అన్నీ అక్కడే. అన్న పని నేర్చుకుంది ఆ సందుల్లోనే. అక్కడ తనకి అలవాటైన వరస ఇది: ముందు కరెంటు, తర్వాత ఛార్జర్, తర్వాత ర్యామ్, డిస్క్, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్. ఒకసారి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే బాగయ్యాక కూడా దేనివల్ల బాగయిందో తెలీదు.

2. బ్లాగు సాఫ్ట్‌వేర్‌కి కూడా అంతస్తులుంటాయి

2003లో మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ మొదలుపెట్టిన వర్డ్‌ప్రెస్ తీసుకుందాం. మనం రాసింది మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉంటుంది. పీహెచ్‌పీ ప్రోగ్రామ్ దాన్ని తీసి పేజీగా కడుతుంది. వెబ్ సర్వర్ ఆ పేజీని బ్రౌజర్‌కి పంపిస్తుంది.

ఇంటర్నెట్ డేటా మిగుల్చుకోడానికి అన్న మొదట తన లాప్‌టాప్‌లోనే ఎక్జాంప్ పెట్టుకుని ప్రాక్టీస్ చేసేవాడు. బ్యాటరీ అప్పటికే చచ్చిపోయింది, కాబట్టి కరెంటు పోతే లాప్‌టాప్ కూడా పోయినట్టే. తిరిగొచ్చాక "డేటాబేస్ కనెక్షన్ కుదరలేదు" అనే ఎర్రర్. కొత్తవాళ్లు ఇక్కడ వర్డ్‌ప్రెస్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. కానీ ఆ మెసేజ్ చెప్పేది వేరు: పీహెచ్‌పీ బతికే ఉంది, అది మైఎస్‌క్యూఎల్‌తో మాట్లాడలేకపోతోంది. అయితే డేటాబేస్ సర్వర్ ఆగిపోయి ఉండాలి, లేదా కాన్ఫిగ్ ఫైల్‌లో డేటాబేస్ పేరు, యూజర్, పాస్‌వర్డ్, హోస్ట్ ఈ నాలుగింట్లో ఏదో తప్పు ఉండాలి. నిన్నటిదాకా పనిచేసింది, ఫైల్‌ని ఎవరూ ముట్టుకోలేదు, మధ్యలో కరెంటు పోయింది. అంటే మొదటి అనుమానం డేటాబేస్ సర్వర్ మీదే.

పేజీ మొత్తం తెల్లగా వస్తే అది ఇంకో కథ. అప్పుడు ఎక్కువసార్లు పీహెచ్‌పీ మధ్యలో ఆగిపోయినట్టు. ప్లగిన్స్ ఫోల్డర్ పేరు మార్చి చూస్తే ప్లగిన్లన్నీ ఆఫ్ అయిపోతాయి. పేజీ వచ్చిందంటే దొంగ ఆ ఫోల్డర్‌లోనే ఉన్నాడు. తర్వాత ఒక్కొక్కటిగా ఆన్ చేస్తూ పట్టుకోవచ్చు.

మరి కరెంటు పోయినా డేటా ఎలా బతుకుతుంది? మా తాతయ్య కొట్లో బేరం జరగ్గానే ముందు చిట్టాలో రాసేవారు, సాయంత్రం ఆవర్జాలోకి ఎక్కించేవారు. మధ్యలో ఏమైనా చిట్టా చూసి మళ్లీ రాసుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ చేసేది ఇదే. మార్పుని ముందు లాగ్‌లో రాస్తుంది. అంతకుముందు డిఫాల్ట్‌గా ఉన్న మైఐసామ్‌కి ఈ చిట్టా లేదు, అందుకే కరెంటు పోతే టేబుల్స్ తరచుగా పాడయ్యేవి.

3. అక్షరాలు పోయినప్పుడు

ఇప్పుడు అసలు విషయం. యోరుబాని ఇంగ్లీష్ లిపిలోనే రాస్తారు, కానీ కొన్ని అక్షరాల కింద చుక్క ఉంటుంది, పైన స్వరం గుర్తు ఉంటుంది. అవి అలంకారం కాదు. "ఒకొ" లాంటి ఒకే మాట, చివర స్వరం మధ్యలో ఉంటే మొగుడు, పైకి వెళ్తే పార, కిందకి దిగితే బండి. చుక్కలు కూడా తీసేస్తే పొలం అయిపోతుంది! "సాఫ్ట్‌వేర్ నా గుర్తులు తినేస్తే మా ఊరి ఆడవాళ్లందరికీ పారతో పెళ్లయిపోతుంది" అని అన్న జోక్. నవ్వాను గానీ, అదే గొడవ మనదీ.

కంప్యూటర్ దాచేది అక్షరాల్ని కాదు, బైట్లని. యూటీఎఫ్-8లో "తెలుగు" అనే మాటకి 18 బైట్లు, ఎందుకంటే త, ల, గ, వాటి గుణింతం గుర్తులు కలిపి ఆరు, ఒక్కోటి 3 బైట్లు. యోరుబాలో చుక్క, స్వరం రెండూ ఉన్న ఒక్క అక్షరానికి 5 బైట్లు పట్టొచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో చాలాకాలం డిఫాల్ట్ లాటిన్-1. అది పశ్చిమ యూరప్ భాషల కోసం, అందులో ఒక అక్షరానికి ఒకే బైటు. 8.0 వెర్షన్‌తోనే డిఫాల్ట్ యూటీఎఫ్8ఎంబీ4 అయింది. ఇలా రెండు లెక్కలు కలిసినప్పుడు తేడా వస్తుంది. తెర మీద మూడు రకాల జబ్బులు కనిపిస్తాయి:

ఒకటి, ఖాళీ డబ్బాలు. బైట్లు బాగానే ఉన్నాయి, ఫాంట్ లేదు. ఫాంట్ వేస్తే చాలు.

రెండు, పిచ్చి గుర్తులు. తెలుగైతే గీత ఉన్న ఇంగ్లీష్ "ఎ", పక్కన డిగ్రీ గుర్తు మళ్లీమళ్లీ వస్తాయి. ఇక్కడ ఎక్కువసార్లు బైట్లు బతికే ఉంటాయి, చదివేవాడే తప్పు లెక్కలో చదువుతున్నాడు.

మూడు, ప్రశ్నార్థకాలు డేటాబేస్ లోపలే ఉండటం. ఆ అక్షరం తన దగ్గర లేదని డేటాబేస్ దాని బదులు ప్రశ్నార్థకం రాసేసింది. ఆ కాపీలో అసలు అక్షరం ఇంక లేదు. వేరే బ్యాకప్ ఉంటేనే ఆశ.

రెండోదానికి మందు ఉంది, కానీ తప్పుగా వేస్తే ప్రమాదం. టేబుల్‌ని నేరుగా యూటీఎఫ్‌కి కన్వర్ట్ చేస్తే పిచ్చి గుర్తులే నిజమైన అక్షరాలు అనుకుని మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది, ముడి మీద ముడి పడుతుంది. కాబట్టి ముందు కాపీ తీసుకోవాలి. తర్వాత ఆ కాలమ్‌ని బైనరీగా మార్చాలి, అంటే "ఇవి అక్షరాలు కావు, ఉత్త బైట్లు, ముట్టుకోకు" అని చెప్పడం. ఆ తర్వాత "ఇవి యూటీఎఫ్8ఎంబీ4" అని చెప్పాలి. నేను కంగారులో నొక్కబోయింది ఆ నేరు కన్వర్ట్ బటనే!

4. మిగిలినవి, పోయినవి

అన్న చెప్పినట్టే ఒక కాపీ మీద చేశాం. పిచ్చి గుర్తులున్న కవితలన్నీ తిరిగొచ్చాయి. ప్రశ్నార్థకాలైన రెండింట్లో ఒకటి రాసిన సీనియర్ అక్క నోట్‌బుక్‌లో దొరికింది. రెండోది రాసినవాళ్ల దగ్గర కూడా లేదు. ఎన్ని అక్షరాలో లెక్కపెట్టొచ్చు గానీ ఏ అక్షరాలో ఎవరికీ తెలీదు.

అన్నకి ఈ సంగతి చెప్తే, "నేను బ్లాగు ఎడిటర్‌లో ఎప్పుడూ నేరుగా రాయను. ముందు మామూలు టెక్స్ట్ ఫైల్‌లో రాసి, యూటీఎఫ్-8లో సేవ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటాను. ఆ తర్వాతే బ్లాగు. మా దగ్గర కరెంటుని ఎవరూ నమ్మరు కదా" అన్నాడు. ఇన్వర్టర్ ఉన్న హాస్టల్లో కూర్చుని నేను అన్నీ నమ్మేశాను.

మీకు హోంవర్క్: ఇప్పటిదాకా తెలుగులో రాసుకున్నవన్నీ ఈ ఆదివారం ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి తీసి రెండు చోట్ల పెట్టండి. తర్వాత ఆ ఫైల్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు. డబ్బాలు వచ్చినా, పిచ్చి గుర్తులు వచ్చినా ఏమీ ముట్టుకోకండి. ఏం కనిపిస్తోందో వచ్చి నాకు చెప్పండి, కలిసి చూద్దాం.