కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో ముఖ్యమైన మెసేజ్‌లు మిస్ అవుతున్నాయా? ఇలా సెట్ చేయండి

ఎప్పుడూ కొత్త ఫోన్ల గురించే మాట్లాడుకుంటాం కదా, ఈసారి చేతిలో ఉన్న ఫోన్‌తోనే మన కాలనీకి పనికొచ్చే విషయం ఒకటి చూద్దాం.

పోయిన ఎండాకాలం హైదరాబాద్‌లో మా కాలనీలో జరిగిన సంగతి ఇది. పైపులైన్ రిపేర్ ఉంది, రెండు రోజులు నల్లా రాదని సెక్రటరీ అంకుల్ ముందు రోజు రాత్రే గ్రూప్‌లో పెట్టారు. తెల్లారేసరికి దాని మీద గుడ్ మార్నింగ్ ఫొటోలు, బర్త్‌డే విషెస్, పార్కింగ్ గొడవ అన్నీ కలిపి వందకు పైగా మెసేజ్‌లు పడ్డాయి. నేనైతే గ్రూప్‌ని ఎప్పుడో మ్యూట్‌లో పెట్టేశా. మా సంప్ ఖాళీ అయ్యాక గానీ విషయం తెలియలేదు.

మేం ట్యాంకర్ తెప్పించుకున్నాం. కానీ పక్కింట్లో మామ్మగారు ఒక్కరే ఉంటారు, ఆవిడది కీప్యాడ్ ఫోన్. మధ్యాహ్నం బిందె పట్టుకుని మా గేటు దగ్గరికొచ్చి, "నీళ్లు రావని ఒక్కరైనా చెప్పలేదేంటి నాన్నా?" అన్నారు. ఫోన్ల గురించి అందరికీ సలహాలిచ్చే నా దగ్గర దానికి జవాబు లేదు.

ఆ సాయంత్రం అంకుల్‌తో కూర్చుని గ్రూప్ మొత్తం మార్చాం. మేం చేసింది ఇదీ.

స్టెప్ 1: వార్తలు వేరు, కబుర్లు వేరు

వాట్సాప్‌లో 2022 నుంచి కమ్యూనిటీస్ ఫీచర్ ఉంది. ఆండ్రాయిడ్‌లో పైన మూడు చుక్కలు నొక్కి 'న్యూ కమ్యూనిటీ' ఎంచుకోండి. పేరు పెట్టగానే అనౌన్స్‌మెంట్ గ్రూప్ దానంతట అదే వస్తుంది. అందులో కొత్త మెసేజ్ పెట్టగలిగేది అడ్మిన్‌లు మాత్రమే. పాత గ్రూప్‌ని డిలీట్ చేయక్కర్లేదు, అదే కమ్యూనిటీ కిందకి చేర్చేయొచ్చు. కబుర్లు అక్కడ, నోటీసులు ఇక్కడ. కబుర్ల గ్రూప్‌ని మ్యూట్ చేసినా నోటీసు మోగుతుంది.

ఇంకో లాభం కూడా ఉంది. మామూలు గ్రూప్‌లో మన నంబర్ అందరికీ కనిపిస్తుంది. అనౌన్స్‌మెంట్ గ్రూప్‌లో మాత్రం తెలియని సభ్యులకు నంబర్ కనపడదు. దీంతో చేరడానికి వెనకాడిన ఆంటీలు కూడా చేరారు.

స్టెప్ 2: మెసేజ్‌లో తేదీ తప్పనిసరి

"రేపు నీళ్లు రావు" అని రాస్తే, దాన్ని ఎవరైనా వారం తర్వాత ఫార్వర్డ్ చేసినా 'రేపు' అనే ఉంటుంది. మేం ఇలా రాస్తున్నాం:

"నల్లా నీళ్లు రావు. ఆదివారం 12-01-2025, ఉదయం 6 నుంచి రాత్రి 8 వరకు. 1 నుంచి 4 లైన్లకు మాత్రమే. సందేహాలుంటే సెక్రటరీకి ఫోన్ చేయండి."

ఏంటి, ఎప్పుడు, ఎవరికి, ఎవరిని అడగాలి. ఈ నాలుగూ ఉంటే చాలు. ఫొటోగా కాకుండా టెక్స్ట్‌గానే పెట్టండి. అప్పుడే తర్వాత సెర్చ్‌లో దొరుకుతుంది.

స్టెప్ 3: పిన్, పోల్ వాడండి

మెసేజ్‌ని నొక్కి పట్టుకుని పిన్ చేస్తే పైనే ఉండిపోతుంది. 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అని మూడు ఆప్షన్లు ఉంటాయి. నీళ్ల నోటీసుకి 24 గంటలు, మెయింటెనెన్స్ గడువుకి 7 రోజులు సరిపోతుంది. మీటింగ్ ఏ రోజు పెట్టాలి లాంటి వాటికి కబుర్ల గ్రూప్‌లో పోల్ పెట్టండి. యాభై మంది "ఓకే" అని టైప్ చేసే బాధ తప్పుతుంది.

స్టెప్ 4: ఫోన్‌లో లేనివాళ్ల లిస్ట్

అసలైన స్టెప్ ఇదే. ఏ యాప్ అయినా స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లకే చేరుతుంది. అందుకే గ్రూప్‌లో లేని ఇళ్లు ఏవో లెక్క రాశాం. మా కాలనీలో అలాంటివి పదకొండు తేలాయి. లైన్‌కి ఒకరం బాధ్యత తీసుకున్నాం. నోటీసు రాగానే ఆ ఇళ్లకి ఫోన్ చేయడమో, తలుపు తట్టడమో చేస్తాం. గుడి పక్కన బోర్డు మీద కూడా ఒక కాగితం అంటిస్తాం.

మైగేట్ లాంటి యాప్ పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. సెక్యూరిటీ గేటు ఉన్న అపార్ట్‌మెంట్లకి అవి బాగానే ఉంటాయి. మాలాంటి మామూలు కాలనీకి, అందరూ ఇప్పటికే వాడుతున్న వాట్సాప్ చాలు.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. గుడ్ మార్నింగ్‌లు ఆగలేదు, "నన్నెందుకు అడ్మిన్ చేయలేదు" అనే అలకలూ ఉన్నాయి. కానీ తర్వాతిసారి నల్లా బంద్ అన్నప్పుడు, ముందు రోజు సాయంత్రమే మామ్మగారికి నేను ఫోన్ చేశా. "అప్పుడే నింపేసుకున్నాను, బోర్డు మీద చూశాలే" అన్నారు.

మీ కాలనీలో అయితే ముందు నాలుగో స్టెప్‌తోనే మొదలుపెట్టండి. దానికి ఏ అప్‌డేటూ అక్కర్లేదు.