అదనపు గంటకు రెట్టింపు కూలి

మన గ్రామముల యువకులెందరో ఫ్యాక్టరీలలో పనిచేయుచున్నారు. సెలవునకు ఇంటికి వచ్చినపుడు వారి మాటలలో 'ఓటీ' అనునది తరచుగా వినబడును. ఓటీ యనగా ఓవర్‌టైము, అనగా నిర్ణీత వేళకు మించి చేయు పని. దానివలన చేతికి కొంత ఎక్కువ వచ్చినదని కొందరు సంతోషింతురు. ఉండమనిన నాడు ఉండకున్న, మరునాడు పనియే ఉండదని మరికొందరు వాపోవుదురు. ఈ విషయమున కార్మిక సంఘములు ఏల పట్టుపట్టుచున్నవో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మంచిది.

సంఘములు ముఖ్యముగా కోరునవి రెండు: అదనపు పని కార్మికుని ఇష్టముపై జరుగవలెను, దానికి రెట్టింపు కూలి ముట్టవలెను. రెట్టింపు ఏల అని సభ్యులు అడుగవచ్చును. ఇరువురు 12 గంటల చొప్పున చేసినను, మువ్వురు 8 గంటల చొప్పున చేసినను మొత్తము 24 గంటల పనియే. అన్ని గంటలకు ఒకే కూలి యైనచో యజమాని మూడవవానిని పిలువడు. 8 గంటలు దాటిన పనికి రెట్టింపు ఈయవలసివచ్చినచో, ఇరువురితోనే చేయించినందుకు 32 గంటల కూలి పడును. అపుడు మూడవవానిని పెట్టుకొనుటయే అతనికి లాభము. ఆ మూడవవాడు మన ఊరి రచ్చబండపై పనిలేక కూర్చున్న కుర్రవాడే కావచ్చును. కనుక రెట్టింపు కూలి కార్మికునికిచ్చు బహుమానము కాదు. పని గంటలు పెరిగిపోకుండ వేసిన కళ్లెము.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 59వ సెక్షనులో ఈ నియమము ఉండెను. దినమునకు 9 గంటలు గాని, వారమునకు 48 గంటలు గాని మించినచో, మించిన పనికి రెట్టింపు చెల్లింపవలెను. 2020లో కరోనా కాలమున ఈ కళ్లెమును సడలింప యత్నము జరిగినది. ఆ సంవత్సరము ఏప్రిల్ 17న గుజరాత్ ప్రభుత్వము ఒక ప్రకటన వెలువరించి, ఫ్యాక్టరీలలో దినమునకు 12 గంటలు, వారమునకు 72 గంటలు పని చేయించుటకు అనుమతి నిచ్చినది. కూలి మాత్రము మామూలు దరనే. 8 గంటలకు 80 రూపాయలైన, 12 గంటలకు 120 అని ఆ ప్రకటనయే ఉదాహరణ చూపినది.

లెక్క వేసి చూడుడు. గంటకు 10 రూపాయల చొప్పున 72 గంటలకు 720 రూపాయలు. చట్టము ప్రకారమైనచో మొదటి 48 గంటలకు 480, తక్కిన 24 గంటలకు రెట్టింపున మరి 480, మొత్తము 960. అనగా వారమునకు 240 రూపాయలు కార్మికుని చేతినుండి జారిపోయినవి.

గుజరాత్ మజ్దూర్ సభ, ట్రేడ్ యూనియన్ సెంటర్ ఆఫ్ ఇండియా అను సంఘములు సుప్రీంకోర్టుకు వెళ్లినవి. 2020 అక్టోబరు 1న జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నాయకత్వమున ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ ప్రకటనను కొట్టివేసినది. మహమ్మారి వలన వ్యాపారము మందగించుట దేశభద్రతకు ముప్పు కాదనియు, ఆ పేరుతో చట్టమును ప్రక్కకు నెట్టరాదనియు తీర్పు చెప్పినది. చేసిన అదనపు పనికి 59వ సెక్షను ప్రకారమే చెల్లింపుమని ఆజ్ఞాపించినది.

2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడులు అమలులోనికి వచ్చి ఆ పాత చట్టము తొలగినది. రెట్టింపు నియమము మాత్రము నిలిచినది. ఓవర్‌టైమునకు కార్మికుని సమ్మతి కావలెనని భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల కోడు స్పష్టముగా చెప్పుచున్నది.

అయినను సమ్మతి యనునది తేలికగా తేలు విషయము కాదు. 8 గంటల కూలితో ఇల్లు గడవనివాడు 12 గంటలకు 'సరే' ననును. అది ఇష్టమా, గతిలేమియా? పనిలో చేరిన దినముననే అచ్చుకాగితముపై చేయించుకొనిన సంతకమును సమ్మతి యనుటకు నా మనస్సు ఒప్పదు. మామూలు వేళకే చాలినంత కూలి ఉన్నపుడే 'నేడు రాలే'నని చెప్పు ధైర్యము మనిషికి వచ్చును. సంఘములు మూలవేతనమును గూర్చియు అడుగుటకు కారణమిదియే.

ఎవరైన కార్మికుడు జీతపు చీటితో మీయొద్దకు వచ్చినచో, పై లెక్కను అతనితో కలిసి వేయుడు. మూలవేతనమునకు కరువు భత్యమును చేర్చి గంట దర కట్టవలెను. బాకీ పడిన నాటినుండి 3 సంవత్సరములలోగా కార్మిక శాఖ అధికారికి అర్జీ పెట్టుకొనవచ్చును. సభ్యత్వమున్నచో అతని సంఘమే ఆ అర్జీ ఈయవచ్చును.

ఇక మన యింటి సంగతి. పంచాయతీ కూడ ఒక యజమానియే. స్థానిక సంస్థల క్రింది ఉద్యోగము 1948 నాటి కనీస వేతనముల చట్టపు పట్టికలోనే ఉండెను. జాతర ముగిసిన రాత్రి వీధులూడ్చు మనిషిని, మోటారు చెడినపుడు తెల్లవారువరకు నీళ్ల ట్యాంకు కడ నిలుచువానిని మనము ఓటీ మాట ఎత్తకయే పిలుచుచున్నాము. హాజరుపట్టీలో ఆ దినమున అతడు పనికి వచ్చిన వేళ, వెళ్లిన వేళ వ్రాసియున్నవా? వచ్చు సమావేశమున ఆ పట్టీని తెప్పించి చూడుడు.