ఆర్గనుకు గాలి, డప్పుకు సెగ

పాఠ్యభాగములు: కీర్తనలు 150, 1 కొరింథీయులకు 14:7–15, అపొస్తలుల కార్యములు 2:1–4.



గత సంవత్సరము కోతపండుగకు ముందు మా గ్రామ సంఘపు హార్మోనియము చెడిపోయెను. తిత్తి ఒత్తినచో గాలి వచ్చుచుండెను గాని నాలుగైదు స్వరములు పలుకకుండెను. మేము దానిని దుప్పటిలో చుట్టి హైదరాబాదు తీసికొనిపోయి, నాంపల్లి స్టేషను యెదుట బస్సు దిగి, భుజముపై పెట్టుకొని ఆబిడ్సు వైపు నడచితిమి. ఆ త్రోవ మాకు క్రొత్తది కాదు. చదువుకొను దినములలో నాంపల్లిలో ఒక చిన్న గదిలో నుండి, ప్రతి ఆదివారము ఆబిడ్సులోని సెయింట్ జార్జి దేవాలయమునకు ఆ త్రోవనే పోవుచుంటిమి.

ఒక సందులో హార్మోనియములు బాగుచేయు వృద్ధుడు కూర్చుండెను. ఆయన యెదుట మరి రెండు పెట్టెలు విప్పబడి యుండెను. ఒకటి భజన మండలివారిది. మరియొకటి నాంపల్లి దర్గాలో ఖవ్వాలీ పాడువారిది. మూడింటిలోను అవే ఇత్తడి రీడులు, అదే తిత్తి. ఆయన మా పెట్టెను పరీక్షించి, "సారూ, గాలి మంచిగనే ఉన్నది. రీడ్ల సందుల దుమ్ము కూసున్నది, గంతే" అనెను. కుంచెతో దుమ్ము దులిపి తిత్తి ఒత్తగానే మూగ స్వరములన్నియు పలికెను. ఆ క్షణమున దూరదేశమందు మేము వినిన మరియొక గాలి వాద్యము జ్ఞాపకమునకు వచ్చెను. దానితోపాటు మేము ఆడిన ఒక అసత్యము కూడ జ్ఞాపకమునకు వచ్చెను.

1. మేము వినిన ఆర్గను

చదువు నిమిత్తము ఇంగ్లండులో నున్నప్పుడు, ఒక సాయంకాలము లివర్‌పూల్ కథీడ్రలులో ఆర్గను కచేరికి పోతిమి. ఆ దేవాలయమునకు 1904లో పునాది వేసిరి. 1978లో గాని పని ముగియలేదు. మన మెదకు దేవాలయ గోపురము 175 అడుగుల ఎత్తు. దీని గోపురము 331 అడుగులు. 1926లో ప్రతిష్ఠింపబడిన అక్కడి ఆర్గనులో 10,268 గొట్టములున్నవి. ఆ దేశమున అంతకు పెద్ద ఆర్గను మరియొకటి లేదు.

ఆర్గనును చూడనివారు ఇట్లు తలంచుకొనవచ్చును. పిల్లనగ్రోవులు వేలకొలది వరుసగా నిలువబెట్టబడినవి. కొన్ని తగరము, సీసము కలిపి చేసినవి, కొన్ని చెక్కవి. మిక్కిలి పెద్ద గొట్టములు 32 అడుగుల స్వరమువి. చిన్నవి చిటికెనవ్రేలికి మించవు. ఒక్కొక్క గొట్టము ఒక్క స్వరమునే పలుకును. వాయించువాని యెదుట ఐదు వరుసల మీటలు. పాదములతో నొక్కుటకు మరియొక వరుస. యంత్రము గాలిని నింపి యుంచును. మీట నొక్కగానే ఆ గాలి తన గొట్టములో ప్రవేశించును. గాలి ఆగినచో పదివేల గొట్టములును వట్టి లోహమే, వట్టి చెక్కయే.

ఆ సాయంకాలము జర్మనీ దేశస్థుడైన బాఖ్ (1685–1750) రచనలు వాయించిరి. పెద్ద గొట్టములు మ్రోగినప్పుడు మేము కూర్చున్న బల్ల వణకెను. వాయించువాడు చేతులెత్తిన పిమ్మటను ఆ నాదము కప్పు క్రింద కొంతసేపు నిలిచియే యుండెను. మా కన్నులు చెమర్చెను.

కచేరి ముగిసిన తరువాత ప్రక్కనున్న ఒక వృద్ధురాలు, "మీ ఊరి గుడిలో ఏమి వాయింతురు?" అని ప్రేమతో అడిగెను. "హార్మోనియము, తాళములు" అని చెప్పితిమి. డప్పు మాట చెప్పలేదు.

2. మేము దాచిన డప్పు

మా ఊరిలో క్రిస్మసు ముందటి రాత్రి వాడవాడకు పాటలు పాడుచు తిరుగునప్పుడు, ముందు నడచినది మా పెద్దయ్య డప్పే. కాని గుడి గుమ్మము వద్దకు రాగానే ఆయన దానిని బయట గోడకు ఆనించి లోపలికి వచ్చెడివాడు. ఎవరును ఆయనను నిషేధింపలేదు. ఎవరును రమ్మని చెప్పనులేదు. ఊరిలో చావు కలిగినను, చాటింపు వేయవలసినను, పిలువబడినది ఆ డప్పే. పిలిచినవారు దూరముగా నిలిచి పిలిచిరి. కాబట్టి క్రీస్తునందు గౌరవము పొందిన మన పెద్దలలో అనేకులు డప్పును విడిచిరి. వారి గాయమును మేము తప్పుపట్టము. కాని మేము దాచినది గాయముచేత కాదు. గొప్పవారి యెదుట చిన్నబోవుదుమను భయముచేత. ఆ రాత్రి పేతురు చలిమంట యొద్ద పలికిన మాట మాకు బాగుగా అర్థమాయెను.

3. వాద్యములు ఎక్కడనుండి వచ్చినవి?

తరువాత మేము ఆర్గను చరిత్ర చదివితిమి. క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దములో అలెక్సంద్రియ పట్టణస్థుడైన క్తేసిబియస్ నీటి ఒత్తిడితో గాలినందించు ఆర్గనును చేసెను. రోమీయుల నాటి చిత్రములలో, ఖడ్గధారులు పోరాడు స్థలమున ఆర్గను వాయించువారు కనబడుదురు. అట్టి రంగస్థలములలోనే మన పూర్విక విశ్వాసులు మృగములకు వేయబడిరి. 757లో తూర్పు రోమా చక్రవర్తి ఫ్రాంకుల రాజునకు ఒక ఆర్గనును కానుకగా పంపెను. అదియు రాజసభ వైభవమే. ఆ తరువాత క్రమక్రమముగా అది దేవాలయములలో స్థిరపడెను. అప్పుడును అందరును అంగీకరింపలేదు. 1527లో జూరిక్ పట్టణములో సంస్కర్తలు గుడిలోని ఆర్గనును విరుగగొట్టించిరి.

ఇది మనకు వింత కాకూడదు. ఆదికాండము 4వ అధ్యాయములో వాద్యకారులకు మూలపురుషుడైన యూబాలు కయీను సంతానమువాడు! వాద్యము పుట్టిన స్థలము దానిని పరిశుద్ధపరచదు, అపవిత్రపరచదు. రంగస్థలమునుండి వచ్చిన ఆర్గనుకు బలిపీఠము ప్రక్కన చోటు దొరికినప్పుడు, మన డప్పు గుమ్మము బయట ఏల నిలువవలెను?

కీర్తన 150ని చూడుడి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో "ఆర్గనులు" అని వ్రాయబడినచోట, మన తెలుగు బైబిలులో పిల్లనగ్రోవి యున్నది. కీర్తనకారుడు గొప్ప ఆర్గనును ఎరుగడు. మనము "తంబుర" అని చదువుచోట హెబ్రీ మాట "తోఫ్". అది గుండ్రని చట్రమునకు తోలు బిగించి వాయించునది. ఎఱ్ఱసముద్రము దాటినప్పుడు మిర్యాము చేతనున్నదియు అదే. మేము సిగ్గుపడి దాచిన డప్పుకు దగ్గర చుట్టము ఆ కీర్తనలోనే యున్నది!

4. మనకు హెచ్చరిక

అయితే డప్పు తెచ్చినంతమాత్రమున ఆరాధన కాదు. ఆర్గను కొన్నంతమాత్రముననూ కాదు. న్యాయమును విడిచి పాడిన పాటల ధ్వనిని తొలగించుమని దేవుడు ఆమోసు ద్వారా చెప్పెను (5:23–24). ఆత్మతోను మనస్సుతోను పాడవలెనని పౌలు బోధించెను. బాఖ్ తన వ్రాతప్రతులలో అనేకమువాటి చివర, "దేవునికి మాత్రమే మహిమ" అను అర్థమిచ్చు మూడు లాటిను మాటల మొదటి అక్షరములు వ్రాసెను. మన పురుషోత్తమ చౌదరి (1803–1890) తెలుగువారి రాగములలో కీర్తనలు కట్టెను. ఒకరికి ఆర్గను, ఒకరికి తెలుగు రాగము; మహిమ మాత్రము ఒక్కనికే.

బాగుచేయబడిన హార్మోనియముతో ఊరికి వచ్చి, మేము నేరుగా పెద్దయ్య ఇంటికి పోతిమి. జరిగినదంతయు చెప్పి, డప్పు తీసికొని కోతపండుగకు గుడిలోనికి రమ్మంటిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, "బిడ్డా, లోపలికా?" అని అడిగెను. "లోపలికే, పెద్దయ్యా" అంటిమి.

పండుగనాడు ఆయన గుడి ముందర చెత్త పోగుచేసి మంట వేసి, వదులైన డప్పును సెగకు చూపెను. తోలు బిగిసి స్వరము కుదిరిన పిమ్మట, సిర్రయు సిటికెన పుల్లయు చేతబట్టి గుమ్మము దాటెను. కీర్తన 150 చదువబడినప్పుడు హార్మోనియముతో కూడ డప్పు మ్రోగెను. లివర్‌పూలులోవలె ఇక్కడను బల్లలు వణకెను.

ప్రియులారా, గాలి లేక ఆర్గను పలుకదు. సెగ తగులక డప్పు పలుకదు. పెంతెకొస్తు దినమున శిష్యులు కూడియున్న యింటికి వచ్చినవి ఈ రెండే: బలమైన గాలివంటి ధ్వని, అగ్నివంటి నాలుకలు. మన సంఘము మూగబోయినయెడల దానికి గొప్ప వాద్యము లేకపోవుట కారణము కాదు. దుమ్ము దులుపుకొందము, సెగకు దగ్గరగా పోవుదము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన గుడి గుమ్మము బయట ఏ వాద్యము, ఏ మనుష్యుడు నిలిచియున్నాడు?
2. ఇతరుల యెదుట మన సంఘమును గూర్చి మనము దాచునదేమి? ఎందుకు?
3. ఒక్కొక్క గొట్టము ఒక్క స్వరమునే పలుకును. సంఘములో మీ స్వరము ఏది?

ప్రార్థన: ప్రభువా, మేము దాచినదానిని నీవు త్రోసివేయలేదు. మా చేతులలో నున్నదానిని నీ స్తుతికి అంగీకరింపుము. ఆమేన్.