హార్మోనిక్ ఆసిలేటర్‌కు చిన్న సవరణ

మెదక్‌లో నెట్, సెట్‌లకు చదువుతున్న ఫిజిక్స్ అభ్యర్థులు ఈ అంశాన్ని వదలొద్దు. హార్మోనిక్ ఆసిలేటర్ శక్తిస్థాయిలు సమదూరంలో ఉంటాయి. నిజమైన అణువులో అలా ఉండవు. హైడ్రోజన్ క్లోరైడ్‌నే చూడండి: మొదటి కంపన శోషణ సెంటీమీటరుకు 2,886 తరంగాల దగ్గర వస్తుంది. రెండోది దానికి రెట్టింపు, 5,772 కావాలి, కనిపించేది 5,668. ఇలాంటి తేడాను లెక్కకట్టేదే పర్టర్బేషన్ సిద్ధాంతం.

పొటెన్షియల్‌కు ఘనపదం కలిపితే శక్తికి మొదటి క్రమ సవరణ సున్నా. సరి-బేసి సౌష్ఠవం చూస్తే చాలు, ఇంటిగ్రేషన్‌తో సమయం పోగొట్టుకోకండి. చతుర్థ ఘాతపదానికి మాత్రం సవరణ ఉంటుంది: మొదటి మూడు స్థాయిలకు 1:5:13 నిష్పత్తిలో. ఇది గుర్తుంచుకోండి.

ఇలాగే సౌష్ఠవంతో అణుకంపనాల లెక్కలను తేలిక చేసే గ్రూపు సిద్ధాంతంపై సూరి భగవంతం, టి. వెంకటరాయుడు రాసిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో ప్రచురించింది. భగవంతం తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అయ్యారు.