వినువాని హృదయము

"సూర్యుడస్తమించెను" అను వాక్యమునకు నిఘంటువు చెప్పు అర్థమొక్కటియే. పశువుల కాపరి వినిన, మందను మరల్పవలెనని తోచును. బ్రహ్మచారికి సంధ్యావందనపు వేళయని తోచును. మగనికై ఎదురుచూచు ఇల్లాలికి, నేటికిని రాలేదు గదా యని తోచును. 11వ శతాబ్దివాడైన మమ్మటుడు కావ్యప్రకాశమున ఇట్టి ఉదాహరణమునే విస్తరించి, వక్త, శ్రోత, కాకువు, ప్రకరణము మున్నగువానిని బట్టి వ్యంగ్యార్థము మారునని నిరూపించెను. కాకువనగా కంఠస్వరభేదము. "నీ యిష్టము" అని తల్లి చిరునవ్వుతో ననిన అనుమతి. ముఖము త్రిప్పుకొని యనిన నిషేధము. ఇది ఏ పాఠశాలయు నేర్పకయే పిల్లలకు తెలియును.

కావ్యపరిచయముచే మనస్సు అద్దమువలె నిర్మలమైన శ్రోతను ఆలంకారికులు సహృదయుడనిరి. 13వ శతాబ్దిలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చూపిన శ్రోతలు కొందరు కావ్యములు చదివినవారు కారు. ముగ్ధభక్తుల కథలను అమాయకుల కథలని తేలికగా చదువుట పొరపాటు.

పురాణశ్రవణమున హరుడు హాలాహలము మ్రింగెనను మాటను అందరును వినిరి. తక్కినవారికది ఎన్నడో జరిగిన మహిమ. రుద్రపశుపతికి అది అప్పుడే వచ్చిన దుర్వార్త. విషము మ్రింగినవాడు బ్రతుకునా యని తల్లడిల్లి, నీట మునిగి ప్రాణము విడువ సిద్ధపడెను. శివుడే ప్రత్యక్షమైనను, ఆ విషమును గ్రక్కుమని పట్టుపట్టెను. తుదకు స్వామి తొడపై కూర్చుండి ఆ కంఠమునే కనిపెట్టి చూచుచుండెనట! క్రియ భూతకాలమునందే యున్నది. వినినవాని కది వర్తమానమైనది.

శివునకు జననీజనకులు లేరనుట పండితునకు అనాదిత్వమును తెలుపు విశేషణము. బెజ్జమహాదేవి చెవికది తల్లిలేని బిడ్డడను మాట. ఆయన పడిన పాట్లన్నిటికిని తల్లి లేకపోవుటయే కారణమని నిశ్చయించి, తానే తల్లియై లాలించినది.

చాల ఏండ్ల క్రిందట సికింద్రాబాదులో నా తరగతియందు "అనాథ" శబ్దమునకు విగ్రహవాక్యము చెప్పించుచుంటిని. నాథుడు లేనివాడు, నఞ్ బహువ్రీహి. తనపై ప్రభువు లేనివాడను అర్థమున పరమేశ్వరునకును చెల్లునని కొంత పాండిత్యము గూడ ప్రదర్శించితిని. ఆ నెలలోనే తండ్రిని కోల్పోయిన బాలుడొకడు మూడవ వరుసలో తలవంచుకొని కూర్చుండెను. వానికది సమాసము కాదు. గంట మ్రోగిన పిమ్మట గాని నేను గ్రహింపలేదు. మరునాడు వ్యాకరణము ప్రక్కనబెట్టి బెజ్జమహాదేవి కథ చెప్పితిని. వాడు లేచి, "సార్, శివునికి నిజంగనే అమ్మ లేదా?" అని అడిగెను. లేదంటిని.

"నాకైతే ఉన్నది సార్" అని కూర్చుండెను.