నడిపేవాళ్ళు వేరు, తనిఖీ చేసేవాళ్ళు వేరు

పరీక్ష రాసినవాళ్ళే తమ పేపర్ దిద్దుకుని మార్కులు వేసుకుంటే ఎలా ఉంటుంది? రాసినవాళ్ళకి బాగానే ఉంటుంది గానీ ఆ మార్కుల్ని బయట ఎవరూ నమ్మరు. మన దేశంలో ఎయిర్‌పోర్టుల భద్రత విషయంలో చాలా ఏళ్ళు దాదాపు ఇదే పద్ధతి నడిచింది. అది ఎలా మారింది, ఎంతవరకు మారింది అన్నదే ఈ వ్యాసం.

అసలు ఏం తనిఖీ చేస్తారు?

మా ఆత్రేయపురం వాళ్ళకి దగ్గరి ఎయిర్‌పోర్ట్ రాజమండ్రి అవతల ఉన్న మధురపూడి. ఉదాహరణకి దాన్నే తీసుకుందాం. అక్కడికి చాలాకాలం ఏటీఆర్ లాంటి చిన్న విమానాలే వచ్చేవి. తర్వాత 1,749 మీటర్ల రన్‌వేని 3,165 మీటర్లకు పెంచారు. 2024 డిసెంబరులో ముంబై, ఢిల్లీలకు నేరుగా విమానాలు మొదలయ్యాయి. ప్రయాణికులుగా మనకి కనిపించేది ఇంతే. కనిపించనివి ఇంకా చాలా ఉన్నాయి.

మొదటిది ఫైర్ సర్వీస్. ఏటీఆర్-72 పొడవు సుమారు 27 మీటర్లు, ఎయిర్‌బస్ ఏ320 పొడవు సుమారు 37.5 మీటర్లు. అంతర్జాతీయ నియమాల ప్రకారం విమానం పొడవు, వెడల్పులను బట్టి ఫైర్ కేటగిరీ ఉంటుంది. ఏటీఆర్‌కి 5 సరిపోతుంది, ఏ320కి 6 కావాలి. కేటగిరీ పెరిగితే సిద్ధంగా ఉంచాల్సిన నీళ్ళు, ఫోమ్ కూడా పెరగాలి.

రెండోది రన్‌వే చివర వదిలే ఖాళీ జాగా. దీన్ని రెసా అంటారు. విమానం రన్‌వే దాటి ముందుకు పోయినా పెద్ద నష్టం జరగకుండా ఆగడానికి ఇది. పెద్ద రన్‌వేలకి కనీసం 90 మీటర్లు తప్పనిసరి, 240 మీటర్లు ఉంటే మంచిదని నియమం. ఇది మన ఏటిగట్టు లాంటిది. రోజూ అక్కడిదాకా నీళ్ళు రావు, అలాగని గట్టు అక్కర్లేదని ఎవరూ అనరు కదా! ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకెలు వరద వచ్చాక కూర్చుని తేల్చుకున్నవి కావు. భద్రతా నియమాలు కూడా అలా ముందే ఉండాలి.

మూడోది ఎయిర్‌పోర్ట్ గోడ బయట. చుట్టూ 10 కిలోమీటర్ల లోపల పక్షులు చేరేలా చెత్త, మాంసం వ్యర్థాలు పారేయకూడదు. భవనాలు, టవర్లు ఎంత ఎత్తు ఉండాలో పరిమితి ఉంటుంది.

ఒకే చేతిలో రెండు పనులు

మన విమాన చట్టం 1934లో, దాని నియమాలు 1937లో వచ్చాయి. ఎయిర్‌పోర్టులు నడిపేదీ, నియమాలు అమలు చేసేదీ పౌర విమానయాన విభాగమే. 1972లో నాలుగు పెద్ద ఎయిర్‌పోర్టులకు ఒక సంస్థ, 1986లో మిగతావాటికి ఇంకో సంస్థ వచ్చాయి. 1995 ఏప్రిల్ 1న రెండూ కలిసి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అయ్యాయి. నడిపే పని అలా విడిపోయింది.

కానీ పరీక్ష పెట్టి లైసెన్స్ ఇచ్చే పద్ధతి ఇంకా రాలేదు. ఐక్యరాజ్య సమితికి చెందిన ఐకావో, 2003 నవంబరు 27 నుంచి అంతర్జాతీయ ఎయిర్‌పోర్టులకు సర్టిఫికెట్ ఉండాలని చెప్పింది. మన దగ్గర 2004లో నియమాలు మార్చారు. డీజీసీఏ లైసెన్స్ ఇస్తేనే రెగ్యులర్ సర్వీసులు నడవాలి. ఇది సరైన సమయానికే వచ్చిందని నాకు అనిపిస్తుంది. ఎందుకంటే 2008 మార్చిలో బేగంపేట నుంచి సర్వీసులు శంషాబాద్‌కి మారాయి, దాన్ని నడిపేది ప్రైవేటు కంపెనీ.

ప్రమాదం తర్వాత

2010 మే 22న మంగళూరులో దుబాయ్ నుంచి వచ్చిన విమానం రన్‌వే దాటిపోయి 158 మంది చనిపోయారు. అప్పటికి ప్రమాదాల దర్యాప్తుకి విడిగా శాశ్వత సంస్థ లేదు. లైసెన్స్ ఇచ్చినవాళ్ళే దర్యాప్తు కూడా చేస్తే, సొంత కోడ్‌ని మనమే రివ్యూ చేసి అప్రూవ్ చేసుకున్నట్టు ఉంటుంది. 2012లో ఏఏఐబీ ఏర్పడింది. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో 21 మందిని బలిగొన్న ప్రమాదాన్ని దర్యాప్తు చేసింది అదే.

తనిఖీ చేసేవాళ్ళని ఎవరు చూస్తారు?

2014 జనవరిలో అమెరికా సంస్థ ఎఫ్ఏఏ మన దేశం రేటింగ్‌ని తగ్గించింది. కారణం మన విమానాలు కావు, డీజీసీఏ పర్యవేక్షణే. దాంతో మన ఎయిర్‌లైన్స్ అమెరికాకి కొత్త సర్వీసులు పెంచుకోలేకపోయాయి. విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు గారు మంత్రిగా ఉండగా, 2015 ఏప్రిల్‌లో పాత రేటింగ్ తిరిగొచ్చింది.

2020 సవరణతో డీజీసీఏకి, ఏఏఐబీకి చట్టబద్ధ హోదా దక్కింది. గరిష్ఠ జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయలకు పెరిగింది. శ్రీకాకుళానికి చెందిన కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు ప్రవేశపెట్టిన భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1న అమల్లోకి వచ్చి, 1934 చట్టం స్థానం తీసుకుంది.

అయినా పని పూర్తి కాలేదు. డీజీసీఏ, ఏఏఐబీ, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ మూడూ ఇప్పటికీ ఒకే మంత్రిత్వ శాఖ కింద ఉన్నాయి. డీజీసీఏలో పోస్టులు దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని 2025లో పార్లమెంటరీ కమిటీ చెప్పింది. నియమం ఎంత బాగున్నా, వెళ్ళి కొలిచే మనిషి లేకపోతే అది కాగితమే.

అహ్మదాబాద్ ప్రమాదం తర్వాత 2025 జూన్‌లో డీజీసీఏ పెద్ద ఎయిర్‌పోర్టులను తనిఖీ చేసింది. ఒకచోట రన్‌వే మధ్య గీత వెలిసిపోయింది. చుట్టూ కొత్త కట్టడాలు లేచినా, అడ్డంకుల వివరాలు మూడేళ్ళుగా అప్‌డేట్ చేయలేదు. ఈ లోపాలను డీజీసీఏయే బయటపెట్టింది, అందుకు మెచ్చుకోవాలి. కానీ ఏ ఎయిర్‌పోర్టులో అన్నది చెప్పలేదు. పేపర్ దిద్దేది ఇప్పుడు వేరేవాళ్ళే, సరే. మార్కులు పేర్లతో సహా నోటీస్ బోర్డులో పెట్టడం మిగిలింది. టికెట్ కొనే మనం అడగాల్సింది అదే.