చెరువు నీళ్లు చూసే పద్ధతి: మేనల్లుడికి

అల్లుడూ, కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువు లీజుకు తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలేలోపే ఇది చదువు. టైగర్ రొయ్య రోజుల నుంచి, 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక కూడా, గట్టు మీద నేను నేర్చుకున్నవి రాస్తున్నాను.

1. ఏ వేళ చూశావో రాయకుండా రీడింగ్ రాయకు.

పీహెచ్ 8.2 అని ఒక్క ముక్క చెబితే నాకేమీ తెలియదు. రాత్రంతా నాచూ రొయ్యా వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీళ్లలోనే పేరుకుంటుంది కాబట్టి తెల్లారేసరికి పీహెచ్ బాగా దిగి ఉంటుంది. ఎండెక్కాక నాచు ఆ వాయువును వాడుకుంటుంది, మధ్యాహ్నం మూడింటికి పీహెచ్ పైకెళ్తుంది. రెండు పూటలా చూడు. తేడా 0.5 లోపు ఉంటే చెరువు కుదురుగా ఉన్నట్టే. దాటితే నాచు బ్లూమ్ ముదిరిందో, ఆల్కలినిటీ చాలట్లేదో వెతకాలి. డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) మాత్రం తెల్లవారకముందే చూడు. 4 పీపీఎం కంటే దిగనివ్వకు.

2. అన్నిటికన్నా ముందు ఆల్కలినిటీ.

పీహెచ్ ఊగకుండా పట్టి ఉంచేది ఇదే. 100 పీపీఎం కంటే తగ్గకూడదు, 120 నుంచి 200 మధ్య ఉంటే నిశ్చింత. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య పెంకు విడుస్తుంది. కొత్త పెంకు గట్టిపడాలంటే నీళ్లలో కాల్షియం, బైకార్బనేట్ ఉండాల్సిందే. విజయవాడ అపార్ట్‌మెంట్లలో సముద్రపు అక్వేరియం పెంచేవాళ్లు కూడా కాల్షియం, మెగ్నీషియం, ఆల్కలినిటీ చూసుకుంటూనే ఉంటారు, ఎందుకంటే పగడం ఒళ్లు కట్టుకునేది కూడా ఈ సరుకుతోనే.  

మందుల షాపువాడు ఎన్ని బస్తాలంటే అన్ని తెచ్చి చల్లకు, ముందు లెక్క వెయ్యి. ఎకరం చెరువులో మీటరు లోతు నీళ్లంటే దాదాపు 40 లక్షల లీటర్లు. ఆల్కలినిటీ 10 పీపీఎం పెరగాలంటే సోడా బైకార్బనేట్ 68 కిలోల దాకా పడుతుంది. అంతటి చెరువులో పది కిలోలు చల్లితే రెండు పీపీఎం కూడా పెరగదు, డబ్బు మాత్రం పోతుంది. కావలసినంతా ఒకేసారి పోయకు, రెండు మూడు రాత్రులకు పంచి వేసి మళ్లీ చూడు.

3. బోరు నీళ్లయితే పొటాషియం విడిగా చూపించు.

ఇక్కడే చాలామంది కుర్రాళ్లు దెబ్బతింటున్నారు, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా. హార్డ్‌నెస్ వేలల్లో ఉందని ల్యాబ్ కాగితం చూసి మురిసిపోతారు. హార్డ్‌నెస్‌లో కనిపించేది కాల్షియం, మెగ్నీషియం మాత్రమే, పొటాషియం అందులో రాదు. 35 పీపీటీ ఉప్పున్న సముద్రంలో కాల్షియం 400, మెగ్నీషియం 1300, పొటాషియం 390 పీపీఎం దాకా ఉంటాయి. నీ చెరువు ఉప్పు 5 పీపీటీ అయితే అందులో ఏడో వంతు ఉండాలి: పొటాషియం 55, మెగ్నీషియం 190 దరిదాపుల్లో. మన బోర్లలో చాలాచోట్ల కాల్షియం దండిగా ఉండి పొటాషియం బాగా తక్కువగా ఉంటుంది. అలాంటి చెరువులో మేత చూసే చెక్ ట్రే ఎత్తగానే రొయ్య నడుం వంగి బిగుసుకుపోతుంది. ఎకరానికి, మీటరు లోతులో, ఒక్క పీపీఎం పెంచడానికి మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ 8 కిలోలు పడుతుంది. పైగా మన నల్లమట్టి పొటాషియాన్ని పట్టేసుకుంటుంది. అందుకని వేసిన వారానికి మళ్లీ టెస్ట్ చేయించు.

4. అమోనియాను పీహెచ్ పక్కన పెట్టి చదువు.

నీళ్లు 30 డిగ్రీలున్నప్పుడు, పీహెచ్ 7.5 దగ్గర మొత్తం అమోనియాలో విషంగా మారేది రెండున్నర శాతం. 8 దగ్గర ఏడున్నర, 9 దగ్గర 45 శాతం. అమోనియా ఉన్న చెరువులో మిట్టమధ్యాహ్నం, పీహెచ్‌ను ఇంకా పెంచే సున్నం చల్లడం ఎంత ప్రమాదమో నువ్వే చూసుకో. ముందు మేత తగ్గించు, ఏరేటర్లు ఆపకు.

5. శాంపిల్.

సీసాను నీళ్లలో ముంచి, గాలి బుడగ లేకుండా నిండా పట్టి, అక్కడే మూత బిగించు. గాలి ఉంటే దారిలోనే పీహెచ్ మారుతుంది. ఐసు పెట్టెలో పెట్టి ఆ పూటే ల్యాబ్‌కి పంపు. పీహెచ్ మీటరును బఫర్ ద్రావణాలతో సరిచూస్తూ ఉండు. ఎండలో పడి ఉన్న టెస్ట్ కిట్ చుక్కల్ని నమ్మకు.

6. వదిలే నీళ్లు కూడా నీ లెక్కలోవే.

పట్టుబడి అయ్యాక ఉప్పు ఎంతుందో చూసి మురుగు కాలవలోకే వదులు. తెల్లమచ్చ తెగులు వచ్చిన చెరువైతే బ్లీచింగ్ వేసి, కొన్నాళ్లు నిలవబెట్టి గానీ తూము తియ్యకు. మీ పక్క చెరువువాడు నీళ్లు తోడుకునేది ఆ మురుగు కాలవ నుంచే. పంట కాలవ వైపు మాత్రం ఎప్పుడూ వదలకు. దిగువ ఊళ్లలో వేసవికి మంచినీళ్ల చెరువులు నింపుకునేది ఆ నీళ్లతోనే.